లోహభస్మములలో జ్ఞాపకశక్తి – అనంతపుర సీమ కర్తవ్యము

2025 ఆగస్టు 12వ తేదీన కేంద్ర మంత్రివర్గమువారు నాలుగు సెమికండక్టరు పథకముల నామోదించిరి. వానిలో నొకటి ఆంధ్రప్రదేశమునకు లభించినది. దక్షిణ కొరియా దేశపు కంపెనీ యొకదాని సాంకేతిక సహాయముతో ఏటికి 9 కోట్ల 60 లక్షల చిప్పులకు తొడుగులు దొడిగి సిద్ధపరచు కర్మాగార మది. చిప్పును పుట్టించునది గాదు. అన్యత్ర పుట్టినదానిని వాడుకకు దగినట్లు కూర్చునది. అయినను రాష్ట్రమున కిది శుభవార్తయే. ఇట్టి వార్త వెలువడినప్పుడెల్ల అనంతపుర సీమవారికి “మాకేమి?” యను ప్రశ్న పుట్టుట సహజము. భూములున్నవి, బెంగుళూరు చేరువ, రైలుదారి గలదు, పెనుగొండ చెంత 2019 నుండి కార్ల కర్మాగారము నడచుచున్నది. చిప్పుల కర్మాగారము మాత్రము మాకేల రాదని యడుగువారు గలరు.

ఆ ప్రశ్నకు మేమొక ప్రశ్నతోనే బదులు చెప్పదలచితిమి. చిప్పులో జ్ఞాపకము నిలుచుట యెట్లు? దీనికి సమాధానము దెలిసినవారు ప్రభుత్వము నేది యడుగవలెనో, ఏది యడుగరాదో నిర్ణయించుకొనగలరు. తెలియనివారు ఎకరముల లెక్కయే మాటలాడుచుందురు. కావున నేడు లోహభస్మములతో నిర్మించు నూతన స్మృతిని గూర్చి కొంత విస్తరించి వ్రాయుచున్నాము. విద్యుత్తు నడ్డగించు గుణమునకు నిరోధమని పేరు. ఆ నిరోధమును మార్చి జ్ఞాపకము నిలుపు విద్య గావున దీనిని నిరోధ పరివర్తన స్మృతి యనవచ్చును. వర్తకులు రీరామ్ అని వ్యవహరింతురు.

ఇప్పుడు వాడుకలోనున్న స్మృతులు ముఖ్యముగ రెండు తెగలు. కంప్యూటరు పని చేయుచున్నంతసేపు లెక్కలను నిలుపుకొను డీరామ్ ఒకటి. దానియందు ఒక్కొక్క గుర్తు సూక్ష్మమైన పాత్రలో నింపిన విద్యుత్తు. ఆ పాత్ర చిల్లుకుండ. విద్యుత్తు కారిపోవుచునే యుండును. సెకండులో పదునాఱవ వంతు గడచునంతలో ప్రతి పాత్రను మరల నింపవలయును. కరెంటు పోయిన జ్ఞాపకమును పోయినట్లే. రెండవది ఫ్లాష్. సెల్ ఫోనులో ఫొటోలు నిలుచునది దీనిలోనే. ఇందు ఎలక్ట్రానులను అన్ని ప్రక్కల మూసిన గదిలోనికి బలవంతముగ నెట్టి బంధింతురు. కరెంటు లేకున్నను అవి బయటికి రాజాలవు. కాని నెట్టుటకు పది పదునైదు వోల్టుల యొత్తిడి కావలయును, కాలమెక్కువ పట్టును, నెట్టిన కొలది గది గోడలు చెడును. అదియుగాక లెక్క చేయు చిప్పులోపలనే దీనిని నిర్మింపవలెనన్న, చిప్పులోని గీతలు 28 నానోమీటర్లకు దిగిన పిమ్మట ఆ పని మిక్కిలి క్లిష్టమును, వ్యయప్రదమును నగుచున్నది. నానోమీటరనగా మిల్లీమీటరులో పది లక్షలవ వంతు.

ఈ రెండింటియందును జ్ఞాపకమనగా విద్యుత్తును దాచుటయే. నిరోధ పరివర్తన స్మృతి యట్లు గాదు. ఇందు పరమాణువుల యమరికయే మారును. ఆ మార్పే జ్ఞాపకముగ నిలుచును.

నిర్మాణము చూడ సులభము. పైనొక లోహపు పొర, క్రిందనొక లోహపు పొర, నడుమ లోహభస్మము. లోహము ప్రాణవాయువుతో, అనగా ఆమ్లజనితో, గూడి యేర్పడు పదార్థమును వెనుకటివారు భస్మమనిరి. నేటివారు ఆక్సైడు అందురు. ఇనుముమీది తుప్పు అట్టిదే. ఈ పనికి హాఫ్నియము, టాంటాలము, టైటానియము మొదలగు లోహముల ఆక్సైడుల నెన్నుకొందురు. నడిమి పొర మందము ఐదు మొదలు పది నానోమీటర్లు. తలవెండ్రుకను పదివేల చీలికలుగ జేసిన, ఒక చీలిక యించుమించుగ నంత యుండును.

ఆక్సైడు సహజముగ విద్యుత్తును పోనీయదు. కాని ఐదు నానోమీటర్ల పొరకు రెండు వోల్టులు తగిలించినను, దూరమత్యల్పము గావున, సెంటీమీటరుకు నలుబది లక్షల వోల్టుల చొప్పున నొత్తిడి యేర్పడును. ఆ యొత్తిడికి ఆమ్లజని పరమాణువులు కొన్ని తమ స్థానములను విడుచును. అవి ఋణవిద్యుత్తు గలవగుటచే ధనధ్రువముగ నున్న లోహమువైపు జరిగి, అచ్చట తలదాచుకొనును. అవి విడిచిన తావులలో వెలితులు మిగులును. వెలితి యొంటరిగ నున్నంతవఱకు విశేషమేమియు లేదు. వెలితి ప్రక్కన వెలితి చేరి పైలోహమునుండి క్రిందిలోహము వఱకు వరుసగట్టినప్పుడు, ఆ వరుస వెంట ఎలక్ట్రానులు నడువగలుగును. కొన్ని నానోమీటర్ల లావుగల యీ దారికి తంతువని పేరు. తంతువు కలిసినంతనే నిరోధము పడిపోయి విద్యుత్తు పాఱును. దీనిని ‘ఒకటి’ యని లెక్కింతురు.

ఇప్పుడు ధ్రువములను తారుమారు చేసిన, ఆమ్లజని వెనుకకు మరలును. తంతువున పాఱు విద్యుత్తుచే పుట్టిన వేడి దానికి తోడ్పడును. ఒకవైపు లోహమునకు సమీపమున ఒకటి రెండు నానోమీటర్ల మేర వెలితులు పూడిపోవును. తంతువులో తక్కిన భాగమంతయు నట్లేయున్నను ఆ చిన్న యెడము చాలును; దారి తెగి నిరోధము పెరుగును. ఇది ‘సున్న’. చదువుటకు వోల్టులో ఐదవ వంతో పదవ వంతో తగిలించి, ప్రవాహము హెచ్చుగ నున్నదో తగ్గియున్నదో చూచిన చాలును. కరెంటు తీసివేసినను పరమాణువులు ఉన్నచోటనే యుండును గావున జ్ఞాపకము చెడదు.

చెరువులక్రింద సేద్యము జేయు మన పాఠకులకు దీనిని బోధించుట కష్టము గాదు. బుక్కరాయసముద్రపు చెరువుకట్టను, గండి పూడుటకై ముసలమ్మ ప్రాణము లర్పించిన కథను ఈ సీమలో నెఱుగనివారు లేరు. కట్టమంచి రామలింగారెడ్డిగారు దానిని కావ్యముగ వ్రాసిరి. కట్ట మొదటిమారు తెగుటకు గొప్ప వరద కావలయును. ఒకమారు తెగి పూడ్చిన కట్ట, రెండవమారు అంతకు తక్కువ నీటికే ఆ చోటనే తెగును. ఆక్సైడు పొరయు నట్టిదే. తొలి తంతువును నిర్మించుటకు హెచ్చు వోల్టేజి కావలయును. పిమ్మట తెరచుటకును మూయుటకును తక్కువతో సరిపోవును. గండిపడినప్పుడు నీటి నదుపు చేయకున్న కట్టంతయు కొట్టుకొనిపోవునట్లే, ప్రవాహమునకు మితి విధింపకున్న తంతువు లావెక్కి మరల మూయరాని దగును. అందుచే ప్రతి స్మృతికణమునకు ఒక ట్రాన్సిస్టరును తూమువలె నమర్తురు. పోలిక యింతవఱకే. చెరువున గండి యాపద. ఇచ్చట గండియే ప్రయోజనము.

ఇందొక చిక్కుముడి గలదు; ఈ విద్యయంతయు దానిచుట్టునే తిరుగుచున్నది. చదువునప్పుడు తగిలించు స్వల్పమైన యొత్తిడికి పరమాణువులు పదియేండ్లైనను కదలరాదు. వ్రాయునప్పుడు దానికి పదింతలో పదునైదింతలో హెచ్చైన యొత్తిడికి నానోసెకండ్లలో, అనగా సెకండును నూఱుకోట్ల వంతులు చేసిన నట్టి వంతులు కొన్నింటిలో, కదలి తీరవలయును. పదియేండ్లనగా ముప్పదియొక్క కోట్ల సెకండ్లు. అందు నానోసెకండ్లెన్ని యని లెక్కించిన, మూడు ప్రక్కన పదునేడు సున్నలు పెట్టవలసివచ్చును. ఒత్తిడి పదింతలైన వేగమును పదింతలే యగు పదార్థమున నిది యసాధ్యము. మఱి సాధ్యమైన దెట్లు? పరమాణువు తానున్న గుంటనుండి ప్రక్క గుంటలోనికి దుముకవలెనన్న నడుమ గట్టును దాటవలయును. విద్యుత్తు ఒత్తిడి ఆ గట్టు నెత్తును కొంత తగ్గించును. ఎత్తు కొంచెము తగ్గినను దాటు పరమాణువుల సంఖ్య వేలరెట్లు పెరుగును. దానికి వేడి తోడు. సన్నని తంతువున ప్రవాహమంతయు గుమికూడుటచే ఆ యొక్కచోట వందల డిగ్రీల వేడిమి పుట్టును. చుట్టునున్న చిప్పు చల్లగనే యుండును. వేడికి దుముకులు మఱికొన్ని లక్షలరెట్లు పెరుగును. చదువునప్పుడు ప్రవాహము స్వల్పము, వేడి లేదు, గట్టు తగ్గదు. కావున పరమాణువు కదలదు. ఏ ఆక్సైడు మేలు, ఏ లోహము మేలు, పొర యెంత మందముండవలెను అను పరిశోధనలన్నియు చివర కీ లెక్కకే వచ్చి చేరును.

నికెల్ ఆక్సైడు వంటివానియందు ధ్రువములు మార్చకయే వేడిచేతనే తంతువు ఫ్యూజు తీగవలె తెగును. రాగి, వెండి పొరలు వాడినచో వెలితులకు మారుగ ఆ లోహపు పరమాణువులే వచ్చి వంతెన గట్టును. వాని వివరమున కిది తావుగాదు.

ఇది నిన్న నేడు పుట్టిన సంగతియు గాదు. 1962లో హిక్‌మాట్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు పలుచని ఆక్సైడు పొరలలో వింతయైన ప్రవాహముల గాంచి ప్రకటించెను. 1964లో నికెల్ ఆక్సైడునందు తెరచుట, మూయుట స్పష్టముగ కనబడెను. సిలికాను చిప్పుల వైభవమున వానిని చిరకాలము పట్టించుకొన్నవారు తక్కువ. 1971లో బర్కిలీయందలి ఆచార్యుడు లియాన్ చువా, తనలో పాఱిన విద్యుత్తును గుర్తుంచుకొను అంగమొకటి ఉండి తీరవలెనని గణితముచే వాదించి దానికి మెమ్రిస్టరని పేరు పెట్టెను. 2008లో హ్యూలెట్ ప్యాకార్డు కంపెనీయందలి స్టాన్లీ విలియమ్స్ బృందమువారు టైటానియము ఆక్సైడు పొరలో దానిని కనుగొంటిమని ‘నేచర్’ పత్రికలో వ్రాయగా లోకము నివ్వెరపోయెను. అది చువా చెప్పినదేనా యను వివాదము నేటికిని దీరలేదు. 2010లో ఆ కంపెనీవారు కొరియా హైనిక్స్ కంపెనీతో పొత్తుగలిసి, 2013 నాటికి సరకును బజారునకు దెత్తుమనిరి. తేలేదు. ఆ 2013లోనే జపానుదేశపు ప్యానసోనిక్ కంపెనీ, ఆర్భాటమేమియు లేక, టాంటాలము ఆక్సైడు స్మృతిగల చిన్న కంట్రోలరు చిప్పులను విరివిగ చేయ నారంభించెను. ప్రకటనలను జూచి మురిసిపోవు మన నాయకులు ఈ రెండు కంపెనీల కథను పలుమారు చదువుట మేలు.

2022 నవంబరులో జర్మనీ దేశపు ఇన్ఫినియన్ కంపెనీ, తైవాను దేశపు టీఎస్ఎంసీ కంపెనీతో గూడి, కార్లలో వాడు కంట్రోలరు చిప్పులయందు 28 నానోమీటర్ల గీతతో ఫ్లాష్‌నకు బదులు ఈ స్మృతినే వాడుదుమని ప్రకటించెను. నేటి కారునందు కంట్రోలరులు పదులకొలది యుండును. పెనుగొండ చెంత కారు బిగింపబడుచున్నది. దాని జ్ఞాపకము మాత్రము సముద్రములు దాటి వచ్చుచున్నది. 2021లో చిప్పులు కరవై ప్రపంచమున కార్ల కర్మాగారములనేకము కొన్నాళ్లు నిలిచిపోవుట పాఠకులు మఱచియుండరు.

దీని లోపములను దాచుట న్యాయము గాదు. గండి ప్రతిమారు ఒకే విధముగ తెగదు, తంతువును నట్లే. ఒకే కణమున నేడు వ్రాసిన ‘ఒకటి’కిని, రేపు వ్రాసిన ‘ఒకటి’కిని నిరోధము భిన్నము, ప్రక్క కణమున మఱియు భిన్నము. అంత సన్నని తంతువున పరమాణువులు కొన్ని జరిగినను భేదము కనబడుచుండును. 2011లో శాంసంగువారు టాంటాలము ఆక్సైడు జంటపొరతో లక్షకోట్ల మార్లు వ్రాసి చెరిపి చూపిరి. కాని ప్రయోగశాలలో నొక్క కణమును బుజ్జగించుట వేరు, బజారులో కోట్లకొలది కణములచే ఒక్కతీరున పని చేయించుట వేరు. పెద్ద నిలువలయందు ఫ్లాష్‌ను ధరలో నోడించుట ఇంకను సాధ్యపడలేదు. మఱియొక జాతికి జెందిన నూతన స్మృతిని ఆప్టేన్ అను పేర అమ్మజూచిన ఇంటెల్ కంపెనీయే 2022లో దానిని విరమించుకొనెను. కావున ఈ విద్య రేపే సిరులు కురిపించునని చెప్పువారిని నమ్మవలదు.

దీనికి దగిన క్షేత్రము వేరు. బోరుబావి మోటారును నడపు పెట్టె, బిందుసేద్యపు వాల్వు, నేలతేమను కొలుచు పరికరము, ఇవి రోజంతయు నిద్రించి, ఒక్క క్షణము మేలుకొని, కొలత వ్రాసికొని మరల నిద్రింపవలసినవి. బ్యాటరీయో చిన్న సౌరఫలకమో వానికి దిక్కు. తక్కువ విద్యుత్తుతో వ్రాయబడి, నిలుచుటకు విద్యుత్తే యక్కఱలేని స్మృతి వానికి సరిపడినది. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో వేరుసెనగ పండించుకొను సీమకు నీటి కొలత గొప్పవారి వినోదము గాదు.

ఇక మన చేతనున్నదేమి? హైదరాబాదులో 1971లో స్థాపితమైన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సు గలదు. అణు రియాక్టరులకు జిర్కోనియము గొట్టములు అచ్చట తయారగును. సముద్రతీరపు ఇసుకలో దొరకు జిర్కాను ఖనిజమున జిర్కోనియముతో బాటు నూటికి ఒకటి రెండు పాళ్లు హాఫ్నియము కలిసియుండును. అది న్యూట్రానులను మ్రింగివేయును గావున రియాక్టరుకు పనికిరాదు. దానిని పూర్తిగ వేఱుచేయక తప్పదు. ఒక పరిశ్రమకు దోషమైన యీ లోహమే మఱియొక పరిశ్రమకు ప్రాణము. నిరోధ స్మృతులకు నేడు విరివిగ వాడు ఆక్సైడు హాఫ్నియముదే. టాంటాలమును గూడ ఆ సంస్థలోనే శుద్ధి చేయుదురు. మన భీమునిపట్నపు తీరమున జిర్కానును, టైటానియము నిచ్చు ఇల్మినైటును గలవు. చిప్పునకు గావలసిన లోహము గ్రాములలో లెక్క గావున ఖనిజమున్నంతమాత్రాన పరిశ్రమ రాదు. మేము చెప్పునది ఖనిజమును గూర్చి గాదు, శుద్ధి చేయు విద్య మనవారికి గలదని.

రెండవ సంగతి యింకను ముఖ్యము. చండీగఢ్ చెంత మొహాలీలో ప్రభుత్వ సెమికండక్టరు ప్రయోగశాల యున్నది. 1989లో అగ్నిప్రమాదమున దెబ్బతిని, చిరకాలము వెనుకబడి, నేడు 180 నానోమీటర్ల గీతతో చిప్పులు చేయుచున్నది. లోకమునందలి సూక్ష్మగీతలతో పోల్చి దీనిని పాతబడినదని యీసడించువారు గలరు. ప్యానసోనిక్ వారి 2013 నాటి చిప్పు గీత యెంతయో యెఱుగుదురా? అదియు 180 నానోమీటర్లే. ఆక్సైడు స్మృతిని ట్రాన్సిస్టరులు ముగిసిన పిమ్మట, పైని లోహపు తీగెలు పరచునప్పుడు నడుమ జేర్చెదరు. క్రింది నిర్మాణమును ముట్టుకొనబనిలేదు. కావున పాత గీతయే మన కడ్డమనుట సాకు మాత్రమే. అడ్డము వేఱొకచోట నున్నది: పొరను పఱచి, కొలిచి, తంతువు తత్త్వ మెఱిగిన యువకులు చాలినంతమంది లేరు.

ఈ సందర్భమున నీటి మాట చెప్పక తీరదు. చిప్పులను పుట్టించు పెద్ద కర్మాగారమునకు అత్యంత శుద్ధమైన నీరు అపారముగ గావలయును. 2021లో తైవానునందు ఏబది యేండ్లలో నెఱుగని యనావృష్టి కలిగినప్పుడు, ప్రభుత్వమువారు వేలకొలది హెక్టారుల వరిపొలములకు సాగునీరు నిలిపివేసి, రైతులకు పరిహారమిచ్చి, చిప్పుల కర్మాగారములను నడిపించిరి. కొన్నింటికి లారీలతో నీరు తోలిరి. తైవాను వానలు విస్తారముగ గురియు ద్వీపము! హంద్రీ-నీవా కాలువవెంట శ్రీశైలమునుండి ఎత్తిపోతలతో వచ్చు నీటికి ఎదురుచూచు మనకు అట్టి యెద్దడి యేడు వచ్చిన నేమగును? పెనుగొండ కర్మాగారమునకు గొల్లపల్లి జలాశయపు నీరు నిచ్చినప్పుడే రైతులు తమ వంతును గూర్చి యాలోచించిరి. చిప్పుల కర్మాగారము దాహము దానితో పోల్చదగినది గాదు. ఆ దాహమును దీర్చు నదులున్నచోటికే అది పోవుగాక. పొలము పరిహారము తీసికొని బీడుపెట్టుటకు ఈ సీమ భూస్వాములు సిద్ధముగ నున్నారని మేము తలంపము.

ఆక్సైడు పొరల ప్రయోగశాల యట్లు గాదు. గాలి తీసివేసిన పాత్రలో లోహమును చిమ్మించి పొరగ పఱచు యంత్రమొకటి, సూక్ష్మమైన సూదులతో తాకి ప్రవాహమును కొలుచు బల్ల యొకటి, దుమ్ముచొరని గది యొకటి దానికి గావలయును. యంత్రమును చల్లార్చు నీరు తిరిగి తిరిగి వాడబడును. అనంతపురమున 1946లో నేర్పడిన ఇంజనీరింగు కళాశాల నేడు విశ్వవిద్యాలయమైనది. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము 1981 నుండి గలదు. కేంద్రీయ విశ్వవిద్యాలయమును 2018లో వచ్చినది. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్ర శాఖవారు ఆక్సైడు పొరలను ఈ పద్ధతినే పఱచి పరిశోధనలు జేసినవారు. ఇక్కడికి రెండువందల కిలోమీటర్ల పైచిలుకు దూరముననున్న బెంగుళూరు విజ్ఞాన సంస్థలో, బయటి కళాశాలలవారు వచ్చి తమ పరికరములను చేసికొనుటకు కేంద్రప్రభుత్వపు పథకము 2008 నుండి నడచుచున్నది. చిప్పుల నమూనా గీయుటకు వలయు కంప్యూటరు సాధనములను కళాశాలల కందించు పథకమును 2022 నుండి గలదు. అది మంచిదే. కాని నమూనా గీయుట కంప్యూటరు తెరమీద నేర్వవచ్చును; వెలితి యెట్లు కదలునో తెర చెప్పదు. పొరను పఱచి, పదిమారులు చెడగొట్టి, పదునొకండవమారు నిలబెట్టినవానికే యది తెలియును.

రాబోవు శాసనసభా సమావేశములలో అనంతపురము, శ్రీ సత్యసాయి జిల్లాల సభ్యులు ప్రభుత్వమును రెండు మాట లడుగవలెను. ఈ మూడు విశ్వవిద్యాలయములకు ఉమ్మడిగ ఒక ఆక్సైడు పొరల ప్రయోగశాలను మంజూరు చేసి, హైదరాబాదునుండి హాఫ్నియమును, మొహాలీనుండి ట్రాన్సిస్టరులు ముగిసిన పలకలను తెప్పించు నేర్పాటు చేయుదురా? మఱి యే చిప్పుల కర్మాగారమునకైనను ఈ జిల్లాలలో భూమి నిచ్చుటకు ముందు, దానికి ఏ జలాశయమునుండి, దినమునకెంత నీరు, కరవు ఏట ఎవరి వంతును తగ్గించి యిత్తురో వ్రాతపూర్వకముగ ప్రకటింతురా?